పాత వాలెట్టుకు కొత్త తాళం

(సొసైటీ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ వేదిక మీద మేము మాట్లాడేది బడి గురించి. స్కాలర్‌షిప్పు ఫారాలు గడువులోగా పంపండి, ఆడపిల్లల చదువు పదో తరగతితో ఆపకండి, ఇవే మా మాటలు. ఈసారి కార్యదర్శిగారు మాత్రం "మాస్టారూ, ఈ సంవత్సరం బడి సంగతి అలా ఉంచండి. ఆ కువైట్ అబ్బాయి ఫోనులో డబ్బు కథ చెప్పండి. మనవాళ్ల ఇళ్లలో ఇంకా ఇద్దరు ముగ్గురికి అలాంటి పాత ఫోన్లే ఉన్నాయట" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే వాళ్లం. కంప్యూటరు పండితులం కాము. అయినా కష్టంలో ఉన్న ఒక కుటుంబం పక్కన కూర్చున్నందువల్ల కొంత నేర్చుకున్నాము. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు మనవి చేస్తాము.

ముందుగా ఒక మాట. క్రిప్టో కరెన్సీ కొనండని చెప్పడానికి మేము ఇక్కడ నిలబడలేదు. అది తగునా తగదా అనే విషయంలో ఉలేమాలలోనే భిన్నాభిప్రాయాలున్నవి. ఆ ప్రశ్న వారినే అడగాలి. ఇప్పటికే ఇంట్లో ఏ బీరువా అడుగునో పడి ఉన్నదానిని పోగొట్టుకోకుండా భద్రమైన చోటికి మార్చుకోవడం ఎలాగన్నదే ఈనాటి మా విషయము.

మన సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుండి గల్ఫు దేశాలకు పోయే పిల్లల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మా పాత విద్యార్థి ఒకడు అలాగే ఎలక్ట్రీషియను పనికి కువైట్ వెళ్లాడు. పేరు చెప్పము. 2017 జనవరిలో, గదిలో ఉండే తోటివాడు చెబితే, ఇరవై నాలుగు దినార్లు పెట్టి 0.08 బిట్‌కాయిను కొన్నాడు. అప్పట్లో ఒక బిట్‌కాయిను వెల సుమారు 1,000 డాలర్లు. మన లెక్కలో వాడు పెట్టినది అయిదువేల పైచిలుకు రూపాయలు. ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాడు. ఆ యాప్ చూపించిన పన్నెండు ఇంగ్లీషు మాటలను నోటుపుస్తకం కాగితం మీద రాసి, సెలవుకు వచ్చినప్పుడు తల్లి ట్రంకు పెట్టెలో దాచి వెళ్లాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మనలో ఎవరమూ మరచిపోలేదు. ఆ ఇంటి పెంకులు లేచిపోయాయి. పెట్టె తడిసింది, పెట్టెలోని కాగితమూ తడిసింది. ఆరబెట్టి మళ్లీ మడిచి పెట్టారు. 2021లో కరోనా రెండో విడతలో ఆ అబ్బాయి అక్కడే కన్నుమూశాడు. కొన్నాళ్లకు అతని సామాను వచ్చింది. బట్టలు, పనిముట్ల సంచి, ఒక పాత ఫోను.

ఇంట్లో మిగిలింది తల్లి, భార్య, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఆ పిల్ల మా బడిలోనే తొమ్మిదో తరగతి చదివేది. 2024 డిసెంబరులో బిట్‌కాయిను లక్ష డాలర్లు దాటిందని వార్తలు వచ్చినప్పుడు వారికి ఫోను గుర్తుకు వచ్చింది. 2025 వేసవి సెలవుల్లో మేము లెక్క వేస్తే ఆ 0.08 విలువ ఏడు లక్షల రూపాయల పైమాట అయింది. వీసాకు చేసిన అప్పు ఇంకా తీరని ఇంటికి ఏడు లక్షలంటే ఏమిటో మీరే ఊహించుకోండి.

మా దగ్గరకు రావడానికి ముందే ఆ ఇంట్లో రెండు పనులు జరిగిపోయాయి. కువైట్‌లోనే ఉన్న మరిదికి ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. అతడు మంచివాడే. కానీ అతని ఫోను పదిమంది ఉండే గదిలో తిరిగే ఫోను. రెండోది, టెలిగ్రాంలో ఎవరో "పోయిన వాలెట్లు తెరిచి ఇస్తాము" అని చెబితే అతనికి మూడు వేలు పంపారు. ఆ పెద్దమనిషి అటుపైన "పన్నెండు మాటలూ ఫోటో తీసి పంపండి, పావుగంటలో పని పూర్తి చేస్తాను" అన్నాడు. తల్లి పంపబోతుంటే కూతురు అడ్డుపడి "ఒక్కసారి సర్‌ని అడుగుదాం అమ్మీ" అన్నదట.

వారు వచ్చి సంగతంతా చెప్పారు. మేము చేసిన మొదటి పని ఏమిటో దాచకుండా చెబుతాము. "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా, శుభ్రంగా ఎత్తి రాసి ఇస్తాము" అని చెయ్యి చాపాము. ఆ పిల్ల కాగితాన్ని గుప్పిట్లోనే ఉంచుకుని, తల వంచుకుని, "సర్, ఎవరికీ చూపించకూడదని ఫోనులో రాసి ఉంది. మీకు కూడానేమో సర్" అన్నది. మాకు కొంచెం సిగ్గు వేసింది. కాని ఆ పిల్ల చెప్పినదే నిజము. మేము చదివి తెలుసుకున్నదంతా ఆ మాట తరువాతనే.

ఇంతకీ వాలెట్టు అంటే ఏమిటి? పేరు చూసి అది మన బటువా వంటిది, లోపల డబ్బు ఉంటుంది అనుకుంటాము. అక్కడే పొరపాటు. డబ్బు ఫోనులో ఉండదు. 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిను అనే ఆ బహిరంగ లెక్కల పుస్తకం ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకేలా రాసి ఉన్నది. ఏ అడ్రసు కింద ఎంత ఉన్నదో అందులో ఎవరైనా చూడవచ్చును. ఆ సొమ్మును కదిలించడానికి మాత్రం తాళంచెవి కావాలి. వాలెట్టు అనేది ఆ చెవుల గుత్తి. పన్నెండు మాటలు ఆ గుత్తి మొత్తానికి మూలము. ఫోను పగిలిపోయినా మాటలుంటే సొమ్ము ఉన్నట్టే. ఫోను భద్రంగా ఉన్నా మాటలు పరాయివాడికి తెలిస్తే సొమ్ము పోయినట్టే. బ్యాంకులో అయితే మేనేజరు ఉంటాడు, సంతకం సరిచూస్తాడు. ఇక్కడ చెవి ఎవరి చేతిలో ఉంటే వాడే యజమాని. అడిగేవాడు లేడు.

దీని నుండి పుట్టే సూత్రం ఒకటున్నది. ఈ ప్రసంగంలో మీరు ఇంటికి పట్టుకుపోవలసినది అదే. పాత పన్నెండు మాటలను కొత్త ఫోనులో వేసి తెరిస్తే సొమ్ము మారినట్టు కాదు. అదే తాళాన్ని కొత్త తలుపుకు బిగించినట్టు. ఆ మాటలు ఫోటోగా ఎక్కడ తిరిగాయో అక్కడి నుండి ఎవరైనా ఇప్పటికీ తెరవగలరు. సొమ్ము మార్చడమంటే కొత్త మాటలు పుట్టించి, ఆ కొత్త మాటలకు చెందిన అడ్రసుకు సొమ్మును పంపడమే.

ఇది మేము కల్పించి చెబుతున్నది కాదు. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో, అంకెలను యాదృచ్ఛికంగా పుట్టించే భాగంలో ఒక లోపం బయటపడింది. చెవులన్నీ అలాంటి అంకెల నుండే పుడతాయి గనుక, ఆ ఫోన్లలోని బిట్‌కాయిను వాలెట్లు బలహీనమైనాయి. అప్పుడు వాడుకదారులకు ఇచ్చిన సలహా ఇదే: యాప్‌ను సరిదిద్దుకోండి, కొత్త అడ్రసు పుట్టించండి, ఉన్న సొమ్మంతా మీకు మీరే ఆ కొత్త అడ్రసుకు పంపుకోండి. 2011కూ 2015కూ మధ్య ఇంటర్నెట్ బ్రౌజరులో చేసిన కొన్ని వాలెట్లలో ఇలాంటి బలహీనతే ఉన్నదని 2023 నవంబరులో మళ్లీ హెచ్చరిక వచ్చింది. కనుక వాలెట్టు పాతదైతే, మాటలు ఎవరూ చూడకపోయినా సరే, కొత్త తాళానికి మార్చుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ ఇంటికి వద్దాము. కాగితం మీద పదకొండు మాటలు చదవడానికి వస్తున్నాయి. పన్నెండోది తడిసి చెదిరింది. మొదటి అక్షరం 'జడ్' అని మాత్రం తెలుస్తోంది. మేము కాగితం చూడలేదు. బయట అరుగు మీద కూర్చున్నాము. లోపల నుండి పిల్ల చెబుతోంది. విశాఖపట్నంలో సాఫ్టువేరు పనిచేసే మా పాత విద్యార్థి ఒకడు ఫోనులో మాకు దారి చెబుతున్నాడు. ఆ పన్నెండు మాటలు ఎలాపడితే అలా పుట్టేవి కావు. 2013లో ఏర్పరచిన పద్ధతి ప్రకారం 2,048 ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి ఉన్నది. అందులో ఏ మాటకైనా మొదటి నాలుగు అక్షరాలు చూస్తే చాలు, మరొక మాటతో కలవదు. 'జడ్'తో మొదలయ్యే మాటలు ఆ జాబితాలో నాలుగే: జీబ్రా, జీరో, జోన్, జూ. పైగా చివరి మాటలో సరిచూసే లెక్క ఒకటి దాగి ఉంటుంది. తీసివేత సరియా తప్పా అని కూడి చూసినట్టు అన్నమాట. తప్పు మాట వేస్తే పదహారింట పదిహేనుసార్లు యాప్ ఒప్పుకోదు. లెక్కల మాస్టరుకు ఇంతకన్న ఆనందం ఏముంటుంది! ఆ పిల్ల నాలుగూ వేసి చూసింది. ఒకటి ఒప్పుకున్నది. ఏదో మేము అడగలేదు.

తెరుచుకున్నది. కాని నిల్వ సున్న అని చూపించింది.

ఆ క్షణంలో లోపల ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ముసలి తల్లి "పోనీలెండి మాస్టర్ సాబ్, వాడే లేనప్పుడు వాడి డబ్బు ఎక్కడ ఉంటుంది" అన్నది. మేము అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాము. అవతల విశాఖపట్నం కుర్రవాడు మాత్రం కంగారు పడలేదు. "సర్, కంగారుపడవద్దని చెప్పండి. పాత యాపులు 1 అంకెతో మొదలయ్యే అడ్రసులు వాడేవి. ఇప్పటి యాపులు బీసీ1తో మొదలయ్యే కొత్తరకం అడ్రసుల్లో వెతుకుతాయి. ఒకే గుత్తి అయినా ఒక చెవి ఒక గదికి, ఇంకొకటి ఇంకొక గదికి. పాతరకం అడ్రసు ఎంచుకోమనండి" అన్నాడు. పిల్ల ఎంచుకున్నది. 0.08 కనిపించింది. ఆ తల్లి ఏడ్చిన ఏడుపు డబ్బు కోసం కాదని మాకు అరుగు మీదకే తెలిసింది.

ఇలా సున్న కనిపించి, పోయిందనుకుని కాగితాలు చించేసేవారు ఉంటారు. చించకండి. కొన్ని యాపుల మాటల పద్ధతి వేరుగా ఉంటుంది. ఎలక్ట్రం అనే పాత వాలెట్టు మాటలు అందులోనే తెరవాలి, అన్నింట్లో తెరుచుకోవు. కొందరు పన్నెండు మాటలకు తోడు ఒక రహస్యపు మాట కూడా పెట్టుకుంటారు. అది లేకుండా తెరిచినా సున్నే కనబడుతుంది. పెద్ద పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. జపానులో మౌంట్ గాక్స్ అనే బిట్‌కాయిను మారకపు సంస్థ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసింది. మరుసటి నెలలోనే, 2011 జూన్‌కు ముందు వాడి వదిలేసిన పాతరకం వాలెట్టులో సుమారు 2 లక్షల బిట్‌కాయిన్లు దొరికాయని వారే ప్రకటించారు. తమ పాత బటువాలో ఏమున్నదో వారికే తెలియలేదు.

ఇక ఆ ఇంట్లో ఏ క్రమంలో చేశామో చెబుతాము. కావలసినవారు రాసుకోండి.

మొదటిది, పాత ఫోనును కదపకపోవడము. అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు, యాప్ తీసివేయకూడదు. "అప్‌డేటు చేసుకోండి" అని ఎవరో పంపిన లింకు నొక్కకూడదు. 2018 డిసెంబరులో ఇప్పుడే చెప్పిన ఎలక్ట్రం వాడేవారికి తెర మీదనే దొంగ అప్‌డేటు సందేశం పంపి చాలామంది సొమ్ము లాగేశారు. అసలు యాప్‌ను దాని సొంత చోటు నుండే దింపుకోవాలి. కంప్యూటరులో ఉన్న పాత వాలెట్టు అయితే, దాని ఫైలును ముందుగా రెండు పెన్‌డ్రైవులలోకి నకలు తీసుకోవాలి.

రెండోది, చూడడానికి చెవి అక్కరలేదు. అడ్రసు తెలిస్తే ఎంత ఉన్నదో ఆ బహిరంగ పుస్తకంలో చూసుకోవచ్చును. అడ్రసు చూపించినందువల్ల సొమ్ము పోదు. మాటలు చూపిస్తేనే పోతుంది. "ఎంత ఉందో చూసి చెబుతాను, మాటలు ఇవ్వు" అన్నవాడు దొంగే. ఇందులో సందేహం అక్కరలేదు.

మూడోది, పాతది తెరవడానికి ముందే కొత్త ఇల్లు సిద్ధం చేయాలి. ఏడు లక్షల విషయం గనుక వారు హార్డువేరు వాలెట్టు అనే చిన్న పరికరం కొన్నారు. చెవులు దానిలోనే పుడతాయి, బయటకు రావు. తయారీదారు నుండి నేరుగా కొనాలి. ఒకరు వాడినదీ, మాటలు ముందే రాసిపెట్టి వచ్చినదీ తీసుకోకూడదు. ఆ పరికరం చూపించిన కొత్త మాటలను తల్లీ కూతురూ రెండు కాగితాల మీద రాశారు. ఫోటో తీయలేదు. ఆ తరువాత, సొమ్ము పంపకముందే, పరికరాన్ని పూర్తిగా చెరిపి, కాగితం చూసి మళ్లీ తెరిచారు. తెరుచుకున్నది. ఈ పరీక్ష చేయనివాడు, తాళం వేసి చూడకుండా తలుపు కొన్నవాడితో సమానము.

నాలుగోది, పాత మాటలను ఒక ఖాళీ చేసిన ఫోనులో వేసి తెరిచాము కదా, ఒకసారి ఇంటర్నెట్ ఉన్న ఫోనులో వేశాక ఆ మాటలను బజారున పడ్డవాటి కిందనే లెక్కపెట్టాలి. తెరిచిన ఆ పూటే సొమ్ము మార్చాలి. రేపు చూద్దాం అనకూడదు.

అయిదోది, అన్నిటికన్న ముఖ్యమైనది, ముందుగా కొద్దిగా పంపడము. నాగావళిలో నీరు ఎంతుందో తెలియనప్పుడు ముందు ఒక కాలు పెట్టి చూస్తాము గదా. ఒక బిట్‌కాయినులో 10 కోట్ల సతోషీలు ఉంటాయి గనుక చిన్న మొత్తం కూడా పంపవచ్చును. వారు 0.001 పంపారు. అడ్రసును చేత్తో కొట్టరాదు, నకలు తీసి అతికించాలి. అతికించిన తరువాత పరికరం తెర మీదున్న దానితో ఒక్కొక్క అక్షరం సరిచూడాలి. నకలు తీసిన అడ్రసును మధ్యలో మార్చివేసే దొంగ ప్రోగ్రాములున్నవి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలదు. అవి మాత్రం కలిసేలా దొంగ అడ్రసు తయారుచేసి, మన ఖాతాకు చిల్లర పంపి, పాత చిట్టాలో నుండి మనమే దానిని ఎత్తుకునేలా చేస్తారు. 2024 మే నెలలో ఒకరు ఇలాగే 6 కోట్ల 80 లక్షల డాలర్లు దొంగకు పంపారు. గగ్గోలు పుట్టిన మీదట అది తిరిగి వచ్చింది. మనకు వస్తుందని ఆశపడలేము. కూతురు ఒక్కొక్క అక్షరం పైకి చదివింది, తల్లి చూసి "ఔను, ఔను" అన్నది. క్లాసులో ఎక్కాలు అప్పజెప్పినట్టే.

సుమారు పది నిమిషాలకు ఒక బ్లాకు, అంటే లెక్కల పుస్తకంలో ఒక పుట, చేరుతుంది. ఆరు పుటలు చేరేవరకు, గంటసేపు, అందరం టీ తాగుతూ కూర్చున్నాము. చిన్న మొత్తం చేరింది. అప్పుడు మిగిలినది పంపారు.

రుసుము గురించి కూడా చెప్పాలి. రుసుము పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, ఆ రాత ఎంత చోటు పడుతుందో దాన్ని బట్టీ, ఆనాటి రద్దీని బట్టీ ఉంటుంది. సొమ్ము ఒకేసారి వచ్చి ఉంటే చోటు తక్కువ. అనేకసార్లు చిల్లరగా వచ్చి ఉంటే, గోనెసంచిలో పైసలు మోసినట్టు, చోటు ఎక్కువ పడుతుంది. 2024 ఏప్రిల్ 20న రద్దీ వల్ల సగటు రుసుము 100 డాలర్లు దాటింది. మేము చేసిన రోజున వంద రూపాయల లోపే అయింది. కనుక ప్రమాదం నెత్తి మీద లేనప్పుడు రద్దీ లేని రోజు చూసుకోవచ్చును.

యూఎస్‌డీటీ వంటి ఇతర నాణేలు ఉన్నవారు మరొకటి గమనించాలి. అదే నాణెం ట్రాన్ దారిలోనూ ఉంటుంది, ఎథీరియం దారిలోనూ ఉంటుంది. ట్రాన్ అడ్రసు 'టీ'తో మొదలవుతుంది, ఎథీరియం అడ్రసు సున్న, ఎక్స్‌తో మొదలవుతుంది. విశాఖ రైలు టిక్కెట్టుతో రాయపూర్ రైలు ఎక్కితే ఏమవుతుందో మన విజయనగరం జంక్షనులో అందరికీ తెలుసు. పైగా ఆ దారిలో రుసుము ఆ దారి సొంత నాణెంలోనే కట్టాలి. అది లేకపోతే ఉన్న సొమ్ము కదలదు. "కదలాలంటే మాకు పంపండి" అనేవాడి వలలో ఆ సమయంలోనే పడతారు.

ఆరోది, పాత కాగితాన్ని వెంటనే కాల్చకూడదు. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిను నుండి బిట్‌కాయిన్ క్యాష్ అని ఒక పాయ విడిపోయింది. ఆనాటికి ఎవరి వద్ద ఎంత ఉన్నదో అంతే పాయలోనూ వారి పేర నిలిచింది. ఈ కుటుంబానికీ అలా 0.08 ఉన్నది, విలువ కొద్ది వేలు మాత్రమే. కాని క్రమం తప్పకూడదు. ముందు అసలు బిట్‌కాయిను కొత్త తాళం కిందకు పోవాలి, ఆ తరువాతనే పాత మాటలతో ఈ చిల్లర జోలికి పోవాలి. ఆశకు పోయి చిల్లర కోసం ముందుగా ఏదో తెలియని యాపులో మాటలు వేస్తే అసలుకే మోసం.

కొందరు అడుగుతారు, ఇంత యాతన ఎందుకు, మన దేశపు ఎక్స్ఛేంజికి పంపి అక్కడే ఉంచుకోవచ్చు కదా అని. అమ్ముకోవడానికైతే పంపవలసిందే. దాచుకోవడానికి మాత్రం ఆలోచించాలి. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజిలో సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన సొమ్ము దొంగలు దోచారు. ఖాతాదారులు తమ నాణేలు తీసుకోలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు. పరాయి చేతిలో చెవి ఉంటే అటువంటి ప్రమాదము, మన చేతిలో ఉంటే మన మరపు అనే ప్రమాదము. ఏది భరించగలమో చూసుకోవాలి.

చట్టం సంగతి రెండు మాటలు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, ఇలాంటి లావాదేవీలకు బ్యాంకులు సేవలు అందించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుండి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నవి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. 2022 జూలై 1 నుండి అమ్మకం మీద 1 శాతం ముందుగానే కోస్తారు. మన సొమ్మును మన పాత వాలెట్టు నుండి మన కొత్త వాలెట్టుకు మార్చుకుంటే యజమాని మారలేదు గనుక అది అమ్మకం కాదు. అయినా తేదీ, మొత్తం, లావాదేవీ సంఖ్య ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. అమ్మేటప్పుడు ఆడిటరుకు అదే ఆధారము. అమ్మే ఎక్స్ఛేంజి, కేంద్ర ప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైనదో కాదో చూసుకోవాలి. మోసం జరిగితే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము దూరమవుతుంది. టెలిగ్రాం మనిషికి పోయిన మూడు వేల గురించి ఆ తల్లి చాలా ఆలస్యంగా ఫిర్యాదు చేసింది. అది తిరిగి రాలేదు.

చివరగా, మేము ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఏ మాట కోసమో అది చెప్పాలి. ఆ అబ్బాయి తల్లికి కాగితం ఇచ్చాడు గాని అది ఏమిటో చెప్పలేదు. ఏడేళ్లు ఆ తల్లి దానిని కొడుకు చేతిరాతగా దాచింది గాని సొమ్ముగా కాదు. 2018 డిసెంబరులో కెనడా దేశపు క్వాడ్రిగా అనే ఎక్స్ఛేంజి అధిపతి మన జైపూరులో మరణించాడు. చెవులన్నీ అతని దగ్గరే ఉండిపోయాయని కంపెనీ చెప్పింది. 76,000 మంది ఖాతాదారులు వీధిన పడ్డారు. అతడు బతికుండగానే ఆ సొమ్ము కాజేశాడని 2020లో విచారణలో తేలింది. అతనిది మోసము, మన అబ్బాయిది ఉత్త మొహమాటము. కాని చెప్పకుండా పోతే ఇంటివారికి మిగిలే చీకటి రెండు చోట్లా ఒకటే.

అందుచేత అలాంటిది ఉన్నవారు ఇంట్లో ఒక ఉత్తరం రాసి పెట్టండి. మాటలు అందులో రాయకండి. ఏమి ఉన్నది, ఏ యాప్, మాటల కాగితం ఎక్కడ, ఎవరి సలహా అడగాలి, ఇంతవరకే రాయండి. అది అప్పుపత్రమంత ముఖ్యమైన కాగితము. పరాయి సొమ్ము మన దగ్గర ఉంటే అమానత్తు అంటాము. పిల్లలకు పోవలసిన సొమ్ము కూడా అమానత్తే.

ఆ కుటుంబం విషయంలో పంపకం కూడా పది మంది ఎదుటే జరిగింది. మౌలానాగారిని అడిగి లెక్క వేయించుకున్నారు. ఇరవై నాలుగు భాగాలు చేస్తే భార్యకు మూడు, తల్లికి నాలుగు, మిగిలిన పదిహేడు కొడుకూ కూతుళ్లకు రెండూ ఒకటి చొప్పున. మరిదికి అందులో భాగం లేదు. ఆ రోజు వీడియో ఫోనులో అతడు మొదటి నుండి చివరి దాకా చూశాడు. సొమ్ము కొత్త అడ్రసుకు చేరాక "భాభీ, ఇక ఈ ఫోటో నా దగ్గర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇవాళ నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. తన ఫోనులో ఆ ఫోటో ఉన్నన్నాళ్లు, ఏదైనా జరిగితే అనుమానం తన మీదనే వస్తుందని ఆ అబ్బాయి ఎంత నలిగాడో మాకు అప్పుడు తెలిసింది. తాళం మార్చడం సొమ్ముకే కాదు, బంధుత్వానికి కూడా కాపుదల అయింది.

వీసా అప్పు తీరేటంత వరకు అమ్మారు, పన్ను కట్టారు. మిగిలినది అలాగే ఉంచారు. కొత్త మాటల కాగితాలు రెండు చోట్ల ఉన్నవి, రెండూ తుఫానుకు తడవని చోట్లు. ఎక్కడ అని మేము అడగలేదు. ఆ మాటలు ఏమిటో మాకు తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి పూర్తి చేసింది, పై చదువుకు వెళుతోంది. మొన్న కనబడి "సర్, ఆ రోజు మీకు కాగితం ఇవ్వనన్నానని కోపం వచ్చిందా?" అని అడిగింది. "లేదమ్మా, ఇన్నేళ్ల మా పాఠంలో నీకు ఫుల్ మార్కులు వేసింది ఆ ఒక్క జవాబుకే" అన్నాము.